స్త్రీ రాసిన ‘నేను’

తండ్రి మరణశయ్య మీద ఉన్న రాత్రి తామెక్కడ ఉన్నారో గాంధీగారు ‘సత్యశోధన’లో రాసుకున్నారు. చదివి చేతులు జోడించాం. శ్రీశ్రీగారు ‘అనంతం’లో తమ బతుకులోని చాటుమాటు విషయాలను దాపరికం లేకుండా చెప్పుకున్నారు. మహాకవి, ఆయనకు చెల్లిందన్నాం. అదే పని ఒక స్త్రీ చేస్తే మాత్రం మన నోట వేరే మాట వస్తుంది. ఇంటి గుట్టు రచ్చకెక్కించిందంటాం. ఇందులో సాహిత్యమెక్కడుందని అడుగుతాం. చదువుకున్నవాళ్ళం, నాలుగు దేశాలు చూసినవాళ్ళం, మన ఇళ్ళలోనే ఈ మాట వినబడుతోంది కనుక దీన్ని గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. మేము వృత్తిరీత్యా వైద్యులమే గాని విమర్శకులం కాము. అయితే మనుషులు తమ గురించి తాము చెప్పుకునే మాటను చెవి ఒగ్గి వినడమే మా వృత్తిలో మొదటి పాఠం గనుక, ఈ విషయంలో మాట్లాడే అధికారం కొంత ఉందనుకుంటున్నాం.

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషు విమర్శకులు ఇలాంటి రచనను ‘కన్ఫెషనల్’ అంటారు. 1959లో రాబర్ట్ లోవెల్ కవిత్వాన్ని సమీక్షిస్తూ ఎం.ఎల్. రోజెంతాల్ వాడాక ఈ మాట స్థిరపడింది. సిల్వియా ప్లాత్, ఆన్ సెక్స్టన్ వంటి కవయిత్రులకూ అంటుకుంది. మన దేశంలో కమలాదాస్ దగ్గరనుంచి ఎందరికో అంటించారు. కాని ఈ మాట పుట్టిల్లు చర్చి. పాపం చేసినవాడు గురువు ముందు మోకరిల్లి చెప్పుకునేది కన్ఫెషన్. తెలుగులో ‘ఒప్పుకోలు’ అన్నా అదే ధ్వని. ఒప్పుకోవడానికి ముందు నేరం ఉండాలి కదా! పదేళ్ళ వయసులో పెళ్ళి చేసేస్తే, కాన్పు గదిలో కసుర్లు తింటే, వంటింట్లో ఇరవై ఏళ్ళు గడిచిపోతే, అందులో ఆ స్త్రీ చేసిన నేరమేమిటి? ఆమె ఎవరిముందు ఒప్పుకోవాలి?

దీనికి సరైన తెలుగు మాట మా వృత్తిలోనే ఉంది. వాంగ్మూలం. ఆంధ్రదేశంలో సర్కారు ఆసుపత్రుల్లో చదువుకున్న ఏ డాక్టరుకైనా కాలిన గాయాల వార్డు గుర్తుండకపోదు. కిరసనాయిలు స్టవ్ పేలిందని ఒంటినిండా కాలిన కోడలిని తీసుకొస్తారు. అత్తగారూ, భర్తా మంచం పక్కన నిలబడి ఉంటే ఆమె కూడా స్టవ్ పేలిందనే అంటుంది. వాళ్ళను బయటికి పంపి, ఆమె స్పృహలో ఉందని డాక్టరు సంతకం పెట్టి, మేజిస్ట్రేటు వచ్చి కూర్చున్నాక, అప్పుడు చెప్పే మాట ఒక్కొక్కసారి వేరుగా ఉంటుంది. చట్టం దానికి మరణ వాంగ్మూలమని పేరు పెట్టింది. పెళ్ళినాటి నుంచి ‘మా ఇంట్లో’, ‘మావారు’, ‘మా అత్తగారు’ అని తప్ప మాట్లాడని మనిషి మొట్టమొదటిసారి ‘నేను’ అనేది చచ్చిపోయేముందు! అత్తింటి క్రౌర్యాన్ని నేరం చేసిన 498-ఎ సెక్షను 1983లోనూ, వరకట్నపు చావుల గురించిన 304-బి 1986లోనూ వచ్చాయి. తెలుగులో స్త్రీలు ‘నేను’ అంటూ కవిత్వం రాయడం ఉద్ధృతమైనది కూడా ఆ దశాబ్దంలోనే. ఇది కాకతాళీయమని మేము అనుకోము. ఆఖరి ఘడియదాకా ఆగకుండా, బతికుండగానే ఇచ్చిన వాంగ్మూలం ఆ కవిత్వం.

అయితే, తెలుగు సాహిత్యంలో ఆడగొంతు అంతకుముందు లేదా అని అడగవచ్చు. లేకేం, బోలెడంత ఉంది. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య పదాల్లో చాలావాటిలో మాట్లాడేది నాయికే. ఆమె కోపం, విరహం, ఎత్తిపొడుపు, అన్నీ ఆమె నోటనే వింటాం. కాని కలం పట్టింది మగవాడు. 1927లో ‘మైదానం’లో చలంగారు రాజేశ్వరి చేత ‘నేను’ అని కథ చెప్పించారు. ఆ సాహసాన్ని తక్కువ చేయబోము. అయినా ఆ ‘నేను’ కూడా మగవాడు కట్టిన ఇల్లే. 1960లు, 70లలో వారపత్రికల్లో రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగినప్పుడు కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. మనకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. గల్ఫ్‌కు మగవాళ్ళు వలసపోయిన మలబారులో 1970లలో ఎస్.ఎ. జమీల్ కట్టిన ‘దుబాయి ఉత్తరం’ పాట ఊరూరా మోగింది. ఒంటరిగా మిగిలిన భార్య భర్తకు రాసిన ఉత్తరం అది. విన్న ఆడవాళ్ళు కంటతడి పెట్టారు, నిజమే. కాని ఆ ఉత్తరం రాసిందీ మగవాడే. గల్ఫ్ భార్య మనసులోని మాట కూడా గల్ఫ్ భార్య చేతిరాతలో మనకు అందలేదు.

మగవాడు రాస్తే తప్పా అని కాదు ప్రశ్న. మగవాడు రాసిన ఆడగొంతును శృంగారమనీ, కరుణరసమనీ మెచ్చుకున్న సమాజమే, ఆడది తన గొంతుతో అదే మాట అనగానే ఎందుకు ఉలిక్కిపడిందన్నది ప్రశ్న. దీనికి ముద్దుపళని కథే సాక్ష్యం. తంజావూరును ప్రతాపసింహుడు పాలించిన కాలంలో, అంటే పద్దెనిమిదో శతాబ్దం నడుమన, ఆమె ‘రాధికాసాంత్వనము’ రాసింది. మన ప్రబంధకవులు పీఠికల్లో తాతముత్తాతల పేర్లు చెప్పుకుంటే, ఆమె తన వంశంలోని ఆడవాళ్ళను చెప్పుకుంది. తన రూపాన్నీ, పాండిత్యాన్నీ, తనకు జరిగిన సన్మానాలనూ సంకోచం లేకుండా చెప్పుకుంది. 1887లో ఆ కావ్యం అచ్చయినప్పుడు ఏమి తీసేశారో చూడండి. కొన్ని పద్యాలతోపాటు ఆ పీఠిక కూడా ఎగిరిపోయింది. శృంగార పద్యాలు తీసేయడమంటే ఆనాటి నీతి అనుకోవచ్చు. ‘నేను ఫలానా అమ్మ కడుపున పుట్టాను, నాకింత విద్య ఉంది’ అన్న భాగంలో బూతేముంది? వాళ్ళను ఇబ్బంది పెట్టింది రాధ శృంగారం ఒక్కటే కాదు, కవయిత్రి ఉనికి కూడానని మాకు తోస్తుంది.

వీరేశలింగంగారంతటి సంస్కర్త ఇవి ఆడవాళ్ళు వినదగని మాటలనీ, ఆడదాని నోట రాదగనివనీ మండిపడ్డారు. వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేయడానికి ప్రాణాలొడ్డిన మహానుభావుడు, స్త్రీకి బతుకునివ్వడానికి సిద్ధపడ్డారు గాని గొంతునివ్వడానికి కాదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు అసలు ప్రతిని సంపాదించి, తీసేసిన భాగాలన్నీ చేర్చి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కరలేదా అని అడిగారు. పంతులుగారు స్వయంగా పరిష్కరించిన ‘వైజయంతీవిలాసం’ సంగతేమిటని నిలదీశారు. ఫలితం ఏమిటంటే, తెల్లదొరల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారు ఆ నిషేధం ఎత్తివేస్తే, 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు. ఒక స్త్రీ తన పేరూ, తన వంశంలోని ఆడవాళ్ళ పేర్లూ చెప్పుకున్న పుట మనదాకా రావడానికి రెండు శతాబ్దాలు పట్టింది.

ఇక మన కాలానికి వద్దాం. 1972లో మలయాళ పత్రికలో కమలాదాస్ ‘ఎన్టె కథ’ ధారావాహికగా వచ్చినప్పుడు కేరళలో పెద్ద దుమారం రేగింది. తర్వాత ఆమే దాన్ని ‘మై స్టోరీ’గా ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో ఎంత నిజం, ఎంత కల్పన అని అడిగితే ఆమె ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పారు. చూశారా, అంతా అబద్ధమేనని విమర్శకులు చప్పట్లు కొట్టారు. ఈ వాదం మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మా దగ్గరికి వచ్చే రోగి జబ్బు చరిత్ర చెప్పేటప్పుడు తేదీలు తారుమారవుతాయి, ముందరిది వెనకా వెనకది ముందూ వస్తుంది. కడుపునొప్పి అని వచ్చిన మనిషి గంట తర్వాత అసలు సంగతి చెప్పవచ్చు. అంతమాత్రాన నొప్పి లేదనే డాక్టరు డాక్టరే కాడు. వాక్యంలో తేదీ తప్పవచ్చు, కాని ఏ చోట గొంతు తడబడిందో అక్కడే నిజం ఉంటుంది. ఆత్మకథను పోలీసు డైరీలా చదవడం మానితే తప్ప దాని విలువ తెలియదు. కల్పించిన మాటనైనా ఆ స్త్రీ ఎందుకు కల్పించుకోవలసి వచ్చిందో అడగడం విమర్శకుడి పని.

తెలుగులో ఈ గొంతు కవిత్వంగా విచ్చుకుంది. సావిత్రి ‘బందిపోట్లు’ 1984లో వచ్చింది. ఆడపిల్లకు పెద్దలు చూపించే బెదిరింపు పెళ్ళి అని ఆ చిన్న కవిత తేల్చిచెప్పింది. జయప్రభ ‘చూపులు’, పైటను తగలెయ్యాలన్న కవిత, విమల ‘వంటిల్లు’, కొండేపూడి నిర్మల ‘లేబర్‌ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వరసగా వచ్చాయి. 1993లో ఓల్గాగారి సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ సంకలనం ఈ గొంతులను ఒకచోట చేర్చింది. ఆనాటి పెద్దలు కొందరు వీటిని తేలికచేశారు.

వైద్యులుగా మేము ‘లేబర్‌ రూం’ గురించి ఒక మాట చెప్పాలి. మెడికల్ కాలేజీలో లేబర్‌ రూం డ్యూటీ చేయనివాళ్ళు లేరు. ఆ గది మాకు బాగా తెలుసనుకుంటాం. ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, బిడ్డ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, కుట్లు ఎన్ని పడ్డాయి, అన్నీ కేసు షీటులో రాస్తాం. ఆ కేసు షీటులో లేనిదొక్కటే, బల్ల మీద పడుకున్న మనిషి. ‘అరవకు, అప్పుడు తెలీలేదా’ అని ఆమెను కసిరిన మాట ఏ రికార్డులోనూ ఉండదు. నిర్మలగారి కవిత అదే గదిని ఆ బల్ల మీదినుంచి చూపించింది. మాతృత్వం మహత్తరమని పద్యాలు రాసిన భాషలో, ఆ మాతృత్వం జరిగే చోట స్త్రీకి దొరికే మర్యాద ఏపాటిదో చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది. మా పాఠ్యపుస్తకాల్లో లేని అధ్యాయం అది. ఈ కవితను మెడికల్ కాలేజీల్లో చదివిస్తే కొంత మేలు జరుగుతుందని మా నమ్మకం.

ఇంతటితో స్తోత్రం ఆపి, లోపం కూడా చెప్పాలి. ఈ కవిత్వంలో ‘నేను’ చాలా తొందరగా ‘స్త్రీజాతి’ అయిపోతుంది. తన ఇంటి వంటింటిని గురించి మొదలెట్టిన కవయిత్రి నాలుగో చరణానికల్లా ప్రపంచంలోని ఆడవాళ్ళందరి తరఫునా మాట్లాడుతుంది. అక్కడ వాంగ్మూలం ఉపన్యాసమవుతుంది. ఈ లోపాన్ని ఎత్తిచూపింది మగ విమర్శకులు కాదు, మరికొందరు స్త్రీలే. పైటను తగలెయ్యాలన్న మాటకు జవాబుగా జూపాక సుభద్రగారు కొంగు మీద కవిత రాశారు. పొలంలో చెమట తుడుచుకునేదీ, గింజలు మూటకట్టుకునేదీ, పని చేసేటప్పుడు నడుముకు చుట్టుకునేదీ ఆ కొంగే. కూలికి పోయే మనిషికి అది పనిముట్టూ, తోడూ. ఎవరి పైట బరువు, ఎవరి కొంగు ఆసరా అని ఆమె అడిగారు. షాజహానా ‘నఖాబ్’లో ముస్లిం స్త్రీగా తన ఇంటినీ, తనను జాలిగా చూసే బయటివాళ్ళనూ ఒకేసారి ప్రశ్నించింది. గోగు శ్యామలగారి ‘నల్లపొద్దు’ సంకలనం దళిత స్త్రీల రచనలకు చోటిచ్చింది. పరదాను గురించి ఈ దేశంలో ఉంటూ తేలిగ్గా తీర్పులు చెప్పే మనం ‘నఖాబ్’ను తప్పక చదవాలి. ఒక స్త్రీ ‘నేను’ అనడం ఎంత ముఖ్యమో, ఆ ‘నేను’లో ఎవరు లేరో చూసుకోవడమూ అంతే ముఖ్యం.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ దారిలో ఒక పెద్ద మైలురాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసుకున్న పుస్తకం. తుపాకి పట్టి దొరలను ఎదిరించిన మనుషులు, పోరాటం ఆగిపోయాక మళ్ళీ ఇంటికి వెళ్ళి వంటచేసుకోవలసి వచ్చిన సంగతి మామూలు చరిత్ర పుస్తకాల్లో కనబడదు.

ఆ తరం మనిషే కొండపల్లి కోటేశ్వరమ్మగారు. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఆ వెంటనే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పని, పాటలు, అజ్ఞాతవాసం. భర్త విడిచి వెళ్ళాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివి, కాకినాడలో ఆడపిల్లల హాస్టలు మేట్రన్‌గా పనిచేశారు. కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకున్నారు. తొంభై ఏళ్ళు దాటాక 2012లో ‘నిర్జన వారధి’ వచ్చింది. 2018లో నూరేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆ పుస్తకంలో మమ్మల్ని ఆపింది అరుపు కాదు, నిదానం. దేశమంతటా పేరున్న విప్లవ నాయకుడిని గురించి ఎన్ని మాటలైనా అనగల స్థానంలో ఉండి, ఆమె దూషణకు దిగలేదు. భర్త వెళ్ళిపోవడం పుస్తకంలో ఒక ఘట్టం మాత్రమే. పుస్తకం దాని చుట్టూ తిరగదు. తాను ఎవరి భార్య అన్నది కాక, ఏ పాట పాడింది, ఏ పరీక్ష రాసింది, ఏ హాస్టలు పిల్లలను చూసుకుంది అన్నదాని మీదే ఆమె దృష్టి. తిరుగుబాటు అంటే గొంతు పెంచడమే అనుకునేవారు ఈ పుస్తకం చదవాలి. మొగుడి కథలో పాత్రగా మిగలడానికి ఒప్పుకోకపోవడం కూడా తిరుగుబాటే. సమసమాజం తెస్తామని బయలుదేరినవారి ఇళ్ళలోనే స్త్రీకి సమానత్వం దొరకలేదన్న సంగతి, కోటేశ్వరమ్మగారు ఒక్క నినాదం లేకుండా నిరూపించారు. విడమరచి చెప్పని చోట్ల కూడా ఈ పుస్తకం మాట్లాడుతుంది.

ఇప్పుడు మనమున్న నేల సంగతి. సౌదీ స్త్రీలకు నోరు లేదని మనలో చాలామంది అనుకుంటారు. 1958లోనే సమీరా ఖాషోగ్జీ నవల అచ్చయింది. అయితే ఇంటిపేరు లేకుండా, ‘అరేబియా ద్వీపకల్పపు కూతురు’ అన్న కలంపేరుతో. 2005లో రజా అల్ సానీ ‘బనాత్ అల్ రియాద్’ బేరూతులో వెలువడింది. నలుగురు రియాదు అమ్మాయిల ప్రేమలూ పెళ్ళిళ్ళూ చెప్పే ఆ నవలను ఇక్కడ మొదట్లో అమ్మనివ్వకపోతే జిరాక్సు కాపీలు చేతులు మారాయి. రాసిన మనిషి దంతవైద్యురాలు. మా వృత్తి మనిషేనని కొంచెం గర్వపడుతున్నాం. 2010లో హిస్సా హిలాల్ అబూధాబీ టెలివిజన్ కవితల పోటీలో ముఖం కప్పుకునే నిలబడి, కటువైన ఫత్వాలను ఎదిరించే కవిత చదివి మూడో స్థానం పొందింది. 1990 నవంబరులో 47 మంది స్త్రీలు రియాదు వీధుల్లో కార్లు నడిపి శిక్షలు అనుభవించారు. ఆ హక్కు 2018 జూన్ 24న వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన సౌదీ స్త్రీలకు సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు పొందే వీలు 2019లో కలిగింది.

మరి మన సంగతి? మన ఇళ్ళలో ఎం.ఎస్సీ.లు, బి.టెక్.లు, బి.ఎడ్.లు చదివిన స్త్రీలు ఎందరో భర్త ఇకామా మీద ఆశ్రితులుగా ఉన్నారు. కాగితం మీద ఆశ్రితులు. ఆ కాగితం మెల్లగా మనసులోకి దిగుతుంది. క్లినిక్కులో మేము తరచు చూసేది ఒకటుంది. ‘ఏమిటమ్మా బాధ?’ అని ఆమెను అడిగితే, ‘ఆవిడకి తలనొప్పండీ, నిద్ర పట్టదు’ అని భర్త జవాబు చెబుతాడు. మంచి భర్తే, ప్రేమ ఉన్నవాడే. కాని ఆమె తలనొప్పికి కూడా ఆయనే కర్త! పరీక్షలన్నీ సరిగానే వస్తాయి. ఒక్కత్తినీ కూర్చోబెట్టి మళ్ళీ అడిగితే, ఊళ్ళో వదిలేసిన ఉద్యోగం గురించి చెబుతుంది. తలనొప్పి మాత్ర రాసిచ్చి పంపడం తేలిక. ఆ వాక్యం రాయగలిగింది మాత్రం ఆమె ఒక్కతే.

ఇంకొక గొంతు మనకు అసలే వినబడదు. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వచ్చిన తెలుగు స్త్రీలు. తక్కువ చదువుకున్న ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళు నిండితే గాని ఈ పనికి రాకూడదని భారత ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంటే వచ్చినవాళ్ళలో చాలామంది పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చిన తల్లులే. పరాయి పిల్లలను పెంచి, ఆ జీతంతో తమ పిల్లలను ఫోనులో పెంచుతున్నారు. మన సంఘం సభ్యుల జాబితాలో వాళ్ళ పేర్లుండవు. సుభద్రగారి కొంగు కవిత మనల్ని అడిగే ప్రశ్న ఇదే. మన ఇల్లాలి ‘నేను’ కోసం వాదించి, మన ఊరి పనిమనిషి ‘నేను’ను మరిచిపోతే ఆ వాదం సగమే.

కనుక సంపాదకవర్గానికి మా మనవి. మన పత్రికలో స్త్రీల పేజీ అని వంటలకూ ముగ్గులకూ కేటాయించిన చోటును, తమ గురించి తాము రాసుకోవాలనుకునే స్త్రీలకు ఇవ్వండి. పేరు పెట్టుకోవడమా మానడమా అన్నది వారిష్టానికి వదలండి. అక్షరదోషాలు తప్ప మరేమీ దిద్దవద్దు. రాయలేనివారు చెబితే, వారి మాటలోనే రాసిపెట్టేందుకు మన ఆడపడుచుల్లో ఒకరిద్దరు ముందుకు రావాలి. 1986లో హైదరాబాదులో ఆ పని చేసి చూపించినవారున్నారు కదా. భర్తలకు మనవి ఏమిటంటే, అచ్చుకు వెళ్ళేముందు చూపించమని అడగవద్దు.

రచ్చకెక్కితే ఇంటి పరువు పోతుందని భయపడేవారికి ఒక్క మాట చెప్పి ముగిస్తాం. పరువు పోయేది చెప్పినందువల్ల కాదు, చెప్పవలసిన స్థితి ఇంట్లో ఉన్నందువల్ల. లోపలి పుండును గుడ్డ కప్పి దాచితే మానదని మా వృత్తి నేర్పింది. విప్పి చూపించినవాళ్ళను తప్పుపట్టకుండా చదువుదాం.